లంక ప్లానూ, అమ్మ గుడీ

రాత్రి పదకొండు దాటింది, రేపు టిఫిన్‌కి పిండి కూడా రుబ్బి పెట్టేశాను, అయినా నిద్ర రావడం లేదు. తమ్ముడు సాయంత్రం గ్రూపులో పెట్టిన షీటే కళ్ళ ముందు తిరుగుతోంది. దసరా సెలవులకి శ్రీలంక అన్నాం కదా, దాని ప్లాను. వాడు కష్టపడ్డాడు, కాదనను. పొద్దున్న ఐదు నుంచి రాత్రి తొమ్మిది వరకు గంటకో గడి, గడికో పని. సిగిరియా ఎక్కడం, ఎల్లా రైలు, యాల సఫారీ, మిరిస్సాలో తిమింగలాలు, గాల్ కోట, అన్నీ ముదురు ఆకుపచ్చలో. అన్నిటికన్నా అడుగున, బూడిదరంగులో, "ట్రింకోమలీ గుడి, ఆప్షనల్, టైముంటే" అని.

ఈ ప్రయాణం గురించి నోరు తెరిచి అమ్మ అడిగింది ఆ ఒక్కటే. అదే ఆప్షనల్ అయింది.

గ్రూపులో ఓటింగు కూడా పెట్టాడు, ఎవరికేం కావాలో నొక్కమని. అమ్మ ఏం చేసిందో తెలుసా, ఉన్నవన్నీ నొక్కింది. ఏది వదిలేసినా అది అడిగినవాళ్ళని చిన్నబుచ్చినట్టు ఉండకూడదని. కింద "మీ ఇష్టం నాన్నా, నాకు ఏదైనా పర్లేదు" అని రాసింది. తమ్ముడు దానికి ఒక లవ్ గుర్తు పెట్టి ఊరుకున్నాడు. అమ్మ "పర్లేదు" అంటే పర్లేదని కాదని, ఆవిడ కడుపున పుట్టిన మా ఇద్దరికీ తెలియాలి. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఫోన్ చేశాను. "అక్కా, ఆ ట్రింకోమలీ ఒక మూల, మనం తిరిగేది ఇంకో మూల. ఒక్క గుడి కోసం రోజంతా పోతుంది. గుళ్ళు మన దగ్గర లేవా?" అన్నాడు. లేకేం, ఉన్నాయి. కానీ చిన్నప్పటి నుంచి మా ఇంట్లో రోజూ సాయంత్రం దీపం పెట్టాక వినపడే మొదటి మాట "లంకాయాం శాంకరీ దేవి", శక్తిపీఠాల శ్లోకం. ఆ శాంకరీదేవిదే ట్రింకోమలీ గుడి. ఆ తర్వాతే కంచి కామాక్షి, ఆ తర్వాతే మిగతావాళ్ళు. పద్దెనిమిది శక్తిపీఠాల్లో మన వైపువే నాలుగున్నాయి, శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం. అవి కాక కొల్హాపురం, ఉజ్జయిని, కాశీ, ఇలా అమ్మ సగం పైనే చూసింది. కాశ్మీరం శారదాపీఠం నియంత్రణ రేఖకి అవతల ఉండిపోయింది కాబట్టి దాని మీద ఆశ లేదు. వరసలో మొదటిది మాత్రం చెన్నై నుంచి గంటన్నర విమానం దూరంలో ఉంది, మనం టికెట్లు కూడా కొనేశాం, కొన్నాక అది "టైముంటే" అయింది.

ఇంకో సంగతి, ఇది నన్ను అసలు కూర్చోనివ్వలేదు. ఆ షీటు ఎవరో జనవరిలో వెళ్ళొచ్చినవాళ్ళది. వాడు తేదీలు మార్చాడు, అంతే. లంకకి రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వైపు, అంటే కొలంబో, గాల్, మిరిస్సా వైపు వాన, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు తీరం వంతు. మిరిస్సాలో తిమింగలాల పడవలకి మంచి కాలం నవంబరు నుంచి ఏప్రిల్. యాలలో ఎక్కువమంది వెళ్ళే మొదటి బ్లాకుని మామూలుగా సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తుంటారు, ఎండకి నీళ్ళు తగ్గిపోతాయి కదా, జంతువులకి కాస్త ఊపిరి తీసుకునే టైమన్నమాట. మనం వెళ్ళేది దసరాకి. షీటులో ఉన్న ముదురు ఆకుపచ్చ గడుల్లో రెండు అసలు కుదిరేవే కావు! తెల్లవారుజామున పడవ ఎక్కించి, పిల్లలు కక్కుకుంటుంటే, దొరకని తిమింగలం కోసం గంటల తరబడి సముద్రంలో ఊగడానికి టైముంది. శాంకరీదేవికి లేదు.

ఇదంతా చెబితే "అక్కా, నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావు" అన్నాడు. ఈయనేమో సోఫాలోంచి "పోనీలే, వాడి ఉత్సాహం వాడిది" అన్నారు. ఈయన సంగతి మీకు తెలుసు, ఏ గొడవైనా "పోనీలే"తో మొదలై "పోనీలే"తో ముగుస్తుంది.

ఫోన్ పెట్టేశాక కోపంలో నేను కూడా ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. మొత్తం కొట్టేద్దాం, రెండే ఊళ్ళు, నింపాదిగా తిని, పడుకుని, నడిచి వద్దాం అని. పరిగెత్తి చూసేది చూడటమే కాదు అని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ మొదలైందో కూడా తెలుసు, పంచారామాల బస్సులో.

విజయవాడలో ఉన్నప్పటి మాట. కార్తీక మాసంలో ఆర్టీసీ వాళ్ళు స్పెషల్ బస్సులు వేస్తారు, ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం ఒక్కరోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఐదూ. నాన్నకి కొట్టు వదిలి రావడం కుదరదు. అమ్మ మా ఇద్దరినీ తీసుకుని బయల్దేరింది. అమరావతిలో ఇంకా చీకటి, కృష్ణలో మూడు మునకలు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, తడిజుట్టుతోనే క్యూలోకి. దర్శనం అయిందో లేదో డ్రైవరు హారన్. భీమవరంలో లింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా ఉంటుందని అమ్మ చెబుతుంటే, ఈరోజు ఏ రంగో చూద్దామని నేను మునివేళ్ళ మీద లేచేలోపే వెనకవాళ్ళు తోసేశారు. పాలకొల్లులో నేను బస్సు దిగనన్నాను. నిద్ర. అమ్మ ఒక చేత్తో తమ్ముణ్ణి ఎత్తుకుని, ఇంకో చేత్తో నా జబ్బ పట్టి దింపింది, అంత పెద్ద గోపురాన్ని నేను నిద్రకళ్ళతోనే చూశాను. మధ్యాహ్నం పులిహోర కదులుతున్న బస్సులోనే తిన్నాం, ఆకు మీంచి సగం సీటు కిందకి పోయింది. ద్రాక్షారామంలో లింగం రెండంతస్తుల ఎత్తు, కింద చూసి, పైకి మెట్లెక్కి మళ్ళీ చూడాలి. అమ్మ భీమేశ్వరుణ్ణి చూసి మాణిక్యాంబ దగ్గరికి వచ్చేసరికి కండక్టరు గుళ్ళోకే వచ్చి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అమ్మ పరిగెత్తింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ ప్రాకారం రాళ్ళ మీద పరుగు. మా వెనకాల పరిగెత్తడం తప్ప, తన కోసం అమ్మ పరిగెత్తగా నేను చూడలేదు అప్పటిదాకా.

ఆ రోజంటే నాకు చిరాకే మిగిలింది. తర్వాత ఎవరైనా ప్యాకేజీ టూరు అంటే ఈ బస్సు గుర్తొచ్చి వద్దనేదాన్ని.

కానీ ఇది టైపు చేస్తుంటే ఇంకొకటి గుర్తొస్తోంది. ఇప్పటికీ ఏ పెళ్ళిలో పది మంది ఆడవాళ్ళు కూర్చున్నా, మాట కార్తీక మాసం మీదికి రాగానే అమ్మ వెన్ను నిటారుగా పెట్టి "మేం ఒక్కరోజులో ఐదూ చూశాం, పిల్లల్ని పెట్టుకుని" అంటుంది. ఎంత తృప్తిగా అంటుందో. నిద్ర చాలలేదనీ, తోశారనీ, పరిగెత్తాననీ ఎప్పుడూ అనలేదు. ఆవిడకి ఇల్లు వదలడమే ఎప్పుడో ఒకసారి. ఆ ఒక్కసారిలో ఐదూ పూర్తవడమే పండగ. నింపాదిగా రెండు ఊళ్ళు చూద్దాం అనే మాట, మళ్ళీ రాగలిగినవాళ్ళు అనగలిగే మాట. మేం ఈ వయసు అమ్మతో మళ్ళీ లంక వెళ్తామా? మోకాళ్ళలో ఇప్పటికే ఒకటి సరిగ్గా వంగదు.

అందుకని నా రెండు ఊళ్ళ కాగితం పక్కన పెట్టేశాను. ఎక్కువ చోట్లు ఉండటం తప్పు కాదు, ఎవరి కోసం ఏది ఉంది అన్నదే చూడాలి అనిపించింది.

అలా చూస్తే ఎల్లా రైలు మీద కూడా నా కోపం నిలబడలేదు. మొదట అది ఫొటోల పిచ్చి అనుకున్నాను, రైలు తలుపు పట్టుకుని వేలాడుతూ ఆ తొమ్మిది కమానుల వంతెన ముందు ఫొటో. అది 1921లో ఇనుము లేకుండా ఇటుక, రాయి, సిమెంటుతో కట్టిన వంతెన, ఊరికే ఏం రాలేదు దానికి పేరు. పైగా మరదలు చంటిపిల్లతో, ఆఫీసుతో రెండేళ్ళుగా ఊపిరి సలపకుండా ఉంది, ఆ అమ్మాయి అడిగింది కూడా ఈ ఒక్కటే. అమ్మకి గుడి ఎలాగో ఆమెకి రైలు అలాగ. క్యాండీ నుంచి మొత్తం ప్రయాణం ఆరేడు గంటలు, చంటిదానితో అంతసేపు కష్టం. నువర ఎలియా దగ్గర నాను ఓయాలో ఎక్కితే దాదాపు మూడు గంటల్లో ఎల్లా. వానలకి కొండచరియలు పడి ఆ లైను అప్పుడప్పుడు ఆగిపోతుంది, ఆ వారం ఏ ముక్క నడుస్తోందో చూసుకునే ఖాయం చేసుకోవాలి. నువర ఎలియా దాటగానే దారిలోనే సీత ఎలియాలో సీతమ్మ గుడి, పక్కన వాగు, అశోకవనం అంటారు, అమ్మకి అది కూడా కలిసొస్తుంది.

ట్రింకోమలీ "ఒక మూల" అన్న మాట కూడా మ్యాపు పెట్టుకుని చూస్తే నిలవదు. సిగిరియా నుంచి సుమారు 100 కిలోమీటర్లు, రెండు గంటలో రెండున్నరో. ఎలాగూ సిగిరియాలో రెండు రాత్రులు ఉంటున్నాం. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ మీద కోణేశ్వరం శివాలయం, ఆ ఆవరణలోనే శాంకరీదేవి గుడి. పాత గుడిని పోర్చుగీసువాళ్ళు 17వ శతాబ్దంలో పడగొట్టి ఆ రాళ్ళతోనే కోట కట్టారు, ఇప్పుడు గుడికి వెళ్ళాలంటే ఆ కోట గుమ్మంలోంచే వెళ్ళాలి. కోటలో చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, మా చిన్నది జింకల్ని చూస్తే ఇంక కదలదు. దగ్గర్లో కన్నియాలో ఏడు వేడినీళ్ళ బావులు, ఒక్కో బావిలో ఒక్కో వేడి, రావణుడు తల్లి కర్మకాండ కోసం తవ్వాడని చెప్పుకుంటారు. తమ్ముడికి సముద్రం కావాలి కదా, నిలావెలి బీచ్ అక్కడికి దగ్గరే, మిరిస్సా కన్నా ఆ రోజుల్లో తూర్పు వైపు నీళ్ళే నయం. అక్టోబరులో మధ్యాహ్నాలు ఉరుములతో వాన ఎక్కడైనా పడొచ్చు, అందుకని పొద్దున్నే బయల్దేరాలి.

పిల్లలకి ఏనుగులు. ఏనుగుల్ని గొలుసు వేసి స్నానం చేయించే చోటికి నేను తీసుకెళ్ళను, ఈ విషయంలో నన్ను ఎవరూ ఒప్పించలేరు. సిగిరియాకి దగ్గర్లోనే మిన్నేరియా ఉంది, మహాసేనుడనే రాజు తవ్వించిన పెద్ద చెరువు. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి తగ్గి కొత్త గడ్డి మొలుస్తుంది, దాని కోసం జులై నుంచి అక్టోబరు దాకా ఏనుగులు గుంపులు గుంపులుగా దిగుతాయి. సాయంత్రం జీపు సరిపోతుంది. యాల మూసి ఉన్నా పిల్లలకి లోటు లేదు.

సిగిరియా మెట్లు 1200 దాకా. అమ్మ ఎక్కలేదు, కింద కాశ్యపుడనే రాజు కొలనుల తోట చదునుగానే ఉంటుంది, నేను తనతో కింద ఉంటాను, ఈయన పిల్లలతో పైకి వెళ్తారు. సార్క్ దేశాలవాళ్ళకి టికెట్టులో తగ్గింపు ఉంది, పాస్‌పోర్టులు చేతిలో పెట్టుకోవాలి.

నాకు కావాల్సింది క్యాండీలో ఒక సాయంత్రం. బుద్ధుడి దంతం ఉన్న గుడి, దళద మాళిగావలో పూజ సరే, అదొక్కటే కాదు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులు మదురై వైపు నుంచి వెళ్ళిన నాయకర్లు, తెలుగు మూలాలున్న కుటుంబం. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు తెచ్చి ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. నాన్నని చూపించడానికి వేలూరు వెళ్ళినప్పుడు, రిపోర్టులు వచ్చేదాకా ఏం తోచక నేనూ అమ్మా ఆ కోట చుట్టూ ఉన్న కందకం పక్కన కూర్చునేవాళ్ళం. అప్పుడు ఈ రాజు సంగతి మాకు తెలియదు. అందుకే ఆయన కట్టించిన చెరువు గట్టు మీద కాసేపు అమ్మతో నడవాలని ఉంది.

కాబట్టి ప్లానులోంచి దక్షిణం మొత్తం తీసేయాలి. మిరిస్సా, యాల, గాల్, మూడూ. తమ్ముడు అక్కడ హోటలు ముందే బుక్ చేసేశాడు, శనివారం లోపు రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కి వస్తుందని మెయిల్లో ఉంది. నేను చెబితే మళ్ళీ "అడ్డం పడతావు" అంటాడు. మరదలికి పొద్దున్నే ఫోన్ చేస్తాను. తన రైలు ఎక్కడికీ పోలేదని, దానికి సీట్లు ముప్ఫై రోజుల ముందు ఇస్తారు కాబట్టి ఆ రోజు ఇద్దరం కూర్చుని తీసుకుందామని చెబుతాను. వాణ్ణి ఆ అమ్మాయి ఒప్పిస్తుంది.