జాడీడు చిల్లర బ్యాంకులో వేయడం: పర్లాకిమిడిలో నా అనుభవం

రెండు లీటర్ల ఊరగాయ జాడీ నిండా చిల్లర చేరితే నాలుగు వేల దాకా ఉంటుంది, బరువు ఏడు కిలోలు దాటుతుంది. మా ఇంట్లో జాడీ బోర్లిస్తే తేలిన లెక్క: రూపాయి బిళ్లలు 640, రెండువి 412, ఐదువి 287, పదివి 93, ఇరవైవి 11, అర్ధరూపాయలు 38. మొత్తం రూ.4,068. ఇదంతా పర్లాకిమిడిలో నా ఖాతాలోకి ఎలా చేరిందో, ఎక్కడెక్కడ పేచీ వస్తుందో రాస్తున్నాను. ఒడిశాలోని మన గజపతి జిల్లాలోనూ, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపూ ఇలాంటి జాడీలు, డిబ్బీలు ఎన్నో ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. బ్యాంకువాళ్లు తీసుకోరని చాలామంది ముందే అనేసుకుని, వందకు ఐదో పదో తగ్గించి ఇచ్చే వాళ్లకు అమ్ముకుంటున్నారు. అలా ఒక్క రూపాయి కూడా వదులుకోనక్కర్లేదు.

చెలామణిలో ఉన్న నాణేలు ఏవైనా సరే, ప్రతి బ్యాంకు శాఖా తీసుకోవాలి. ఖాతాలో జమ చేసుకోమన్నా, నోట్లకు మార్చమన్నా కాదనకూడదని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. జమకు పరిమితి కూడా లేదు. వెయ్యి రూపాయల పరిమితి అని ఎవరైనా అంటే అది బ్యాంకు సంగతి కాదు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్లలను ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే, అర్ధరూపాయలను పది రూపాయల వరకే చట్టబద్ధమైన చెల్లింపుగా లెక్కిస్తారు. అంటే అంతకు మించితే కొట్టువాడు వద్దనవచ్చు. బ్యాంకులో జమ చేసేటప్పుడు ఆ లెక్క వర్తించదు. ఈ తేడా కౌంటరు దగ్గరకు వెళ్లకముందే తెలిసి ఉండాలి.

ఇక అసలు పని ఇంట్లోనే. బ్యాంకులో అయ్యే గొడవలో ముప్పావు వంతు సరిగా విడదీయకపోవడం వల్లే వస్తుంది.

నేల మీద పాత దుప్పటి పరిచి, జాడీ మొత్తం ఒకేసారి పోయకుండా రెండేసి దోసిళ్లు పోసుకుంటూ విడదీయాలి. మొదట చెల్లనివి ఏరేయాలి. పావలా, అంతకు తక్కువ బిళ్లలన్నీ 2011 జూన్ 30తో చెలామణి నుంచి పోయాయి. ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలా, అల్యూమినియం పది పైసలు, ఇరవై పైసలు బ్యాంకు తీసుకోదు. అర్ధరూపాయి మాత్రం ఈరోజుకీ చెల్లుతుంది. అది సంతలో ఎవరూ ముట్టుకోరు గనక బ్యాంకే దారి.

తర్వాత రూపాయలు. వీటిని ఒకే కుప్ప చేస్తే చాలదు. రూపాయి బిళ్లలు ముఖ్యంగా మూడు కొలతల్లో ఉన్నాయి. 1992 నుంచి వచ్చిన 25 మిల్లీమీటర్ల పెద్ద స్టీలు బిళ్ల 4.85 గ్రాములు. బొటనవేలు పైకెత్తిన చేతి ముద్ర ఉన్నది కూడా ఇందులోదే. 2011లో రూపాయి గుర్తుతో వచ్చినది 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 2019 నుంచి వస్తున్న చిన్నది 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు. నా 640లో పెద్దవి 158, మధ్యవి 371, చిన్నవి 111. ఇవన్నీ కలిపి తూస్తే సుమారు 2,515 గ్రాములు. క్యాషియరు బిళ్లకు 3.79 గ్రాముల చొప్పున భాగిస్తే 663 దాటి వస్తుంది. అంటే లేని 23 రూపాయలు ఉన్నట్టు. అదే 4.85తో భాగిస్తే 518 మాత్రమే, 122 రూపాయలు మాయం. తూకం తప్పు కాదు, బిళ్లలు కలిసిపోవడం తప్పు. చీటీ మీద ఒక అంకె, తక్కెడ మీద ఇంకో అంకె కనిపిస్తే ఏ క్యాషియరైనా సంచి వెనక్కి తోస్తాడు, ఆయన్ని అనడానికి లేదు.

తూకం కూడా పట్టుకోలేని మోసాలు రెండున్నాయి, వీటి దగ్గర కళ్లతోనే చూడాలి. వెనక భారతదేశ పటం ఉన్న పాత స్టీలు అర్ధరూపాయి, 2011 రూపాయి రెండూ 22 మిల్లీమీటర్లే, రెండూ 3.79 గ్రాములే. వంద రూపాయల పొట్లంలో నాలుగు అర్ధరూపాయలు దూరినా తక్కెడ కదలదు, లెక్కలో రెండు రూపాయలు పోతాయి. రెండోది, 25 మిల్లీమీటర్ల పెద్ద రూపాయీ 2011 నాటి రెండు రూపాయలూ కొలతలోనూ బరువులోనూ కవలలు. గది చీకటిగా ఉంటే ఈ రెండూ తప్పకుండా కలుస్తాయి. పగటి వెలుతురులో, అంకె ఉన్న వైపు పైకి తిప్పి వరసగా పరిస్తే తప్పు కనబడిపోతుంది. చేతి ముద్రలున్న వాటిలో ఒక వేలు రూపాయి, రెండు వేళ్లు రెండు రూపాయలు. పిల్లలు సాయం పడితే ఈ గుర్తు చెబితే చాలు.

ఐదు రూపాయల బిళ్లల దగ్గర పాత స్పీకరు అయస్కాంతం ఒకటి పనికొస్తుంది. తెల్లగా దళసరిగా ఉండే పాత ఐదు 9 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోదు. 2007 ప్రాంతంలో వచ్చిన పలచటి స్టీలు ఐదు 6 గ్రాములు, టక్కున అంటుకుంటుంది. ఇత్తడి రంగు ఐదుల్లో పాతది 6 గ్రాములు, 2019 తర్వాతది కాస్త వెడల్పు, 6.74 గ్రాములు. పది, ఇరవై చూడగానే తెలిసిపోతాయి: పదికి అంచు పసుపు, నడుమ తెలుపు, ఇరవైకి అంచు తెలుపు, నడుమ పసుపు, పైగా పన్నెండు పలకలు.

కుంకుమ, నూనె, పసుపు పట్టిన దేవుడి గది చిల్లర విడిగా తీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, గుడ్డ మీద నీడన పూర్తిగా ఆరబెట్టాలి. చింతపండుతో తోమకండి. ఇత్తడి రంగు బిళ్లలు ఎర్రబడి దొంగ నాణేలేమోనన్న అనుమానం తెప్పిస్తాయి. తడి ఆరకముందే పొట్లం కడితే లోపల చెమ్మ పట్టి బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

లెక్కపెట్టడానికి పదేసి బిళ్లల దొంతులు, పది దొంతులకు ఒక పొట్లం. ముఖ్యంగా రూపాయి, రెండు రూపాయల బిళ్లలను తూకం వేసి తీసుకోవడం మేలనీ, వందేసి పాలిథిన్ పొట్లాలుగా ఉంటే క్యాషియరుకూ ఖాతాదారుకూ సుళువనీ రిజర్వు బ్యాంకే సూచించింది. ఆ పొట్లాలు కౌంటరు దగ్గర ఉంచి ఇవ్వమని కూడా చెప్పింది. మన వైపు అవి దొరుకుతాయని నమ్ముకోకుండా కిరాణా కొట్లో పారదర్శకమైన దళసరి కవర్లు కొనుక్కోవడం మంచిది. ఒక్కో పొట్లంలో ఒకే కొలత బిళ్లలు వంద. కట్టాక వంటింటి డిజిటల్ తక్కెడ మీద సరిచూడండి: మధ్య రూపాయి వంద 379 గ్రాములు, పెద్దది 485, చిన్నది 309, పాత ఇత్తడి ఐదు 600, కొత్తది 674, పది రూపాయలవి 771 నుంచి 774, ఇరవైలు 854. అరుగుదల వల్ల రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. ఒక గ్రాము దాకా చూపించే తక్కెడ కావాలి. ఐదేసి గ్రాములు చూపించే కూరగాయల కాటా మీద ఒక రూపాయి తగ్గినా తెలియదు.

మిగిలిన అరకొర బిళ్లలు కొలతలు కలిపి ఒక పొట్లం కట్టి, దాని మీద ఆ మాట రాసేయాలి. నా రూపాయల్లో ఒకే కొలత పొట్లాలు ఐదు వచ్చాయి, కలిపినది ఒకటి, పైన 40 మిగిలాయి. ప్రతి పొట్లంలోకీ ఒక చీటీ: బిళ్ల విలువ, ఎన్ని, మొత్తం ఎంత, పేరు, ఫోను నంబరు. అంకెలు ఇంగ్లిషువే వేయాలి. కౌంటరులో ఉన్నవారికి తెలుగు రాకపోవచ్చు, మన చేతి ఒడియా అంకెలు వాళ్లకు అర్థం కాకపోవచ్చు.

రోజు ఎంచుకోవడంలో కూడా తెలివి ఉంది. నెల మొదటి వారం, సోమవారం, సంత రోజు వద్దు. ఒడిశా ప్రభుత్వం మహిళలకు ఇచ్చే సుభద్ర యోజన డబ్బు పడే రాఖీ పున్నమి, మార్చి 8 దరిదాపుల్లో కౌంటరు దగ్గర కాలు పెట్టే చోటుండదు. రెండో, నాలుగో శనివారాలు ఎటూ సెలవే. ఖాతా పాతపట్నం శాఖలో ఉన్నవాళ్లు ఆంధ్ర సెలవుల పట్టిక, ఇటువాళ్లు ఒడిశా పట్టిక చూసుకోవాలి. రజ సంక్రాంతికి, రథయాత్రకు ఇక్కడ మూసి అక్కడ తెరిచి ఉంటాయి. ఏడు కిలోలు మోసుకుని వెళ్లి తాళం చూడటం కష్టం. ముందురోజు ఒట్టి చేతులతో వెళ్లి మేనేజరుగారికి "సార్, నాలుగు వేల చిల్లర ఉంది, వందేసి పొట్లాలు కట్టాను, ఏ వేళకు తెమ్మంటారు?" అని అడిగితే మర్యాదగానూ ఉంటుంది, పనీ అవుతుంది. పొట్లాలు కట్టాననే మాట వినగానే వాళ్ల ముఖంలో బరువు దిగుతుంది.

అయినా కౌంటరులో "ఏబె నుహేఁ, పరె ఆసంతు" అన్న జవాబు రావచ్చు, నాకూ వచ్చింది. ఇప్పుడు కాదు, తర్వాత రమ్మని. అక్కడ గొంతు పెంచితే లాభం లేదు. తర్వాత అంటే ఎన్ని గంటలకో అడిగి, తీసుకోనంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని నెమ్మదిగా కోరాలి. రాసివ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు, మేనేజరుతో మాట్లాడి వస్తారు. నా విషయంలో ఆ అడగడంతోనే పని నడిచింది. కదలకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాసి నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. ఎలా చేయాలో 14448కి ఫోను చేస్తే చెబుతారు.

నోట్లకు మార్చమనడం కంటే ఖాతాలో జమ చేయమనడం తేలిక. జమ చీటీలో నోట్ల గడుల కింద నాణేల గడి ఉంటుంది, అక్కడ మొత్తం వేసి, వెనక వైపు బిళ్లల వారీగా వివరం రాయండి. కరెంటు ఖాతా అయితే నగదు నిర్వహణ చార్జీ ఏమైనా ఉందేమో ముందే అడగాలి. నగదు జమ చేసే యంత్రం నోట్లు మాత్రమే తీసుకుంటుంది. 2023లో రిజర్వు బ్యాంకు ప్రకటించిన క్యూఆర్ కోడ్ నాణేల యంత్రాలు చిల్లర ఇచ్చేవి, తీసుకునేవి కావు. క్యాషియరు సాధారణంగా ఏదో ఒక పొట్లం విప్పి లెక్కపెడతాడు, మిగతావి తూస్తాడు. ఆ ఒక్క పొట్లం సరిగ్గా ఉంటే మిగతా అంతా సాఫీగా పోతుంది. "సంచి పెట్టి వెళ్లండి, సాయంత్రం లెక్కపెట్టి వేస్తాం" అంటే ముద్ర వేసిన రసీదు లేకుండా వదలవద్దు. ఒక బిళ్ల తగ్గితే ఎదుటే తేలాలి, తర్వాత ఎవరి మాటా నిలబడదు.

పది రూపాయల బిళ్లల గురించి విడిగా చెప్పాలి, మన సరిహద్దులో ఎక్కువ గొడవ వీటితోనే. ఇటు తీసుకున్న బిళ్లను అటు కొట్లో వద్దంటారు. రూపాయి గుర్తు లేనివి దొంగవనీ, పది గీతలున్నవే అసలువి, పదిహేను గీతలవి కావనీ పుకార్లు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు అప్పటివరకు వచ్చిన 14 రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని స్పష్టంగా ప్రకటించింది. రూపాయి గుర్తు నాణేల మీదకు వచ్చిందే 2011లో, అంతకు ముందు ముద్రించిన వాటి మీద ఉండదు. ఈ మాట ఎంత చెప్పినా పాల ప్యాకెట్టు కొనేచోట వాదన తెగదు. అందుకే నా 93 పదులూ 11 ఇరవైలూ 38 అర్ధరూపాయలూ బ్యాంకుకే ఇచ్చేశాను, వంద నిండకపోయినా విడివిడి పొట్లాల్లో. బ్యాంకు తీసుకుంది.

మోసం వెన్నతో పెట్టిన విద్య అయిన కొందరు వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల బిళ్లలకు లక్షలిస్తామని ఫోన్లలో వీడియోలు పంపుతున్నారు. ముందు కమీషనో పన్నో కట్టమంటారు, అక్కడితో మన డబ్బు గోవిందా. పాత నోట్లు, నాణేలు తాము కొంటున్నట్టు తమ పేరు వాడుకునేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. 2012లో వచ్చిన ఆ బిళ్లలు మామూలు బిళ్లలే, మిగతా వాటితో పాటు పొట్లంలో వేసేయండి.

బ్యాంకుకు పోగా మిగిలిన కొద్ది రూపాయలు, రెండ్లు, ఐదులకు కూరగాయల వాళ్లు, టిఫిను బళ్లు, ఆటోవాళ్లు ఉన్నారు. ఫోనులో చెల్లింపులు పెరిగాక చిల్లర అవసరం తగ్గిన మాట నిజమే గానీ ఉదయం తొమ్మిదిలోపు వెళ్తే వీళ్లు సంతోషంగా పుచ్చుకుంటారు. యాభై, వంద రూపాయల మేర మాత్రమే, ఎదుట లెక్కపెట్టి, వందకు వంద నోటు తీసుకోవాలి. కమీషను అడిగే వాళ్ల దగ్గర ఆగనక్కర్లేదు. ఖాళీ అయిన జాడీ బదులు ఈసారి మూతలున్న చిన్న డబ్బాలు నాలుగు పెట్టాను: రూపాయి, రెండు, ఐదు, పదీ ఇరవైలకు కలిపి ఒకటి. ఒక్కోటి వంద దాటగానే పొట్లం కట్టేయడమే.