మాకు ఓటు లేదు, మా అమ్మాయికి ఇంకా రాలేదు

కెనడాలోని కాల్గరీలో మా తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీకి వెళ్తే రెండు రాష్ట్రాల అసెంబ్లీలూ అక్కడే నడుస్తాయి. రేవంత్, జగన్, చంద్రబాబు... కేక్ కోసేదాకా అవే ముచ్చట్లు. ఇక్కడ మీ ఎమ్మెల్యే ఎవరని అడిగితే మాత్రం సగం మంది ఫోన్ తీస్తారు. మేమూ ఆ బాపతే. ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోబుద్ధి కాక పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదే ఉండిపోయాం, కాబట్టి ఓటూ లేదు.

2025 అక్టోబర్ 6న మా రాష్ట్రం అల్బెర్టాలో 51,000 మంది టీచర్లు సమ్మెకు దిగారు. ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఇంట్లో పడింది. సూపర్ వీసా (ఇక్కడున్నవాళ్ల తల్లిదండ్రులకిచ్చే వీసా) మీద వచ్చిన మా అమ్మ ఉంది కాబట్టి సరిపోయింది. 12 ఏళ్ల దాకా పిల్లలున్నవాళ్లకు ప్రభుత్వం రోజుకు 30 డాలర్లు ఇస్తామంటే, "అవి అమ్మమ్మవే" అని పిల్ల తేల్చేసింది.

అమ్మ కరీంనగర్ జిల్లాలో సర్కారు బడి టీచర్‌గా రిటైరైంది. 2011లో 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో తనూ ఉంది. రోడ్ల మీద ఆడిన బతుకమ్మ, జీతం రాని నెల ఖాతా రాసుకుని ఉప్పూపప్పూ ఇచ్చిన కిరాణా సేటు... నాకు ఎన్నడూ చెప్పనివి మనవరాలికి చెప్పింది. నాలుగేళ్లలో 12 శాతం జీతం పెంచుతాం, 3,000 మంది టీచర్లను తీసుకుంటాం అన్నా ఇక్కడివాళ్లు ఎందుకు ఒప్పుకోలేదని అమ్మ అడిగితే, "మా క్లాస్‌లో 33 మందిమి అమ్మమ్మా. లెక్కల్లో డౌట్ అడగాలంటే లైన్‌లో నిలబడాలి" అంది పిల్ల.

అక్టోబర్ 28 తెల్లవారుజామున ఇక్కడి ముఖ్యమంత్రి డేనియల్ స్మిత్ ప్రభుత్వం సమ్మె ఆపించే బిల్ 2 పాస్ చేసింది. టీచర్లు మర్నాడే బడికి రావాలి, లేదంటే రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా. పైగా నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్ తగిలించారు. అంటే రాజ్యాంగంలోని హక్కుల చార్టర్‌లో కొన్ని ముఖ్యమైన హక్కులు చూపించి కోర్టుకెళ్లినా ఐదేళ్లపాటు ఆ చట్టాన్ని కొట్టేయించలేరు. "గట్లయితే ఇగ కోర్టులెందుకు?" అంది అమ్మ. టీచర్లు తలపాగా, హిజాబ్ లాంటివి పెట్టుకోకూడదన్న చట్టానికి క్యూబెక్ రాష్ట్రం 2019లో వాడిందీ ఈ క్లాజే. దీనికి హద్దులుండాలని 2025లో ఫెడరల్ ప్రభుత్వమే సుప్రీంకోర్టును కోరింది. రాష్ట్రాల పట్టుదల మీద రాజ్యాంగంలోకి వచ్చిన నిబంధన ఇది. జీతాల బేరం తెంచడానికి దాన్ని బయటికి తీయడం నాకు నచ్చలేదు. మా ఆయనకేమో పిల్ల బడికి పోతే చాలు.

30న పెద్ద క్లాసుల పిల్లలు బడులు వదిలి బయటికొచ్చి నిరసన తెలిపారు. మా పిల్లా వెళ్తానంది, పంపలేదు. దాంతో కూర్చుని ఎమ్మెల్యేకి ఈమెయిల్ రాసింది. కింద నా పేరు కూడా పెడదామంటే మా ఆయన అడ్డుపడ్డాడు. "పీఆర్ మీద ఉన్నాం, మనకెందుకే ఇవన్నీ?"

"నేను ఇక్కడే పుట్టా కదా నాన్నా, నా పేరే పెడతాలే" అని పంపేసింది.