జ్వరం తగ్గాక ఊడిన జుట్టు

ఆషాఢంలో డెంగీ వచ్చింది. హన్మకొండలో ఓ ప్రైవేటు ఆసుపత్రి, సెలైన్లు, పొద్దునా సాయంత్రం ప్లేట్‌లెట్ల టెన్షన్. బయటపడ్డాను. ఇంటికి పంపేటప్పుడు నీళ్లు బాగా తాగమన్నారు. రెండు మూడు నెలలకు జుట్టు రాలొచ్చని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అందుకే నా కోపం.

సద్దుల బతుకమ్మ రోజు తలస్నానం చేస్తే బాత్రూం జాలీ మూసుకుపోయింది. ఎలాగో జడ వేసుకుని ఆటకు పోతే, బంధువు ఒకావిడ అందరి ముందే, "ఏంది బిడ్డా, మాడు కనవడుతున్నది? ఏం రోగమో, మంచిగ చూపించుకో" అన్నది. ఆట మధ్యలోనే ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. దిండు మీద వెంట్రుకలు ఏరుకుంటూ కూర్చున్నాను. క్యాన్సరేమో, పిల్లల గతేమిటి అని ఒకటే గుబులు. అత్తమ్మ లేచొచ్చి, ఏమీ అడగకుండా నా తల మీద చెయ్యి పెట్టి వేములవాడ రాజన్నకు మొక్కింది. ఆమె రుణం తీరేది కాదు.

తర్వాత ఒక హెయిర్ క్లినిక్. నెత్తి సరిగ్గా చూడకుండానే ప్యాకేజీ, ఈఎంఐ, "ఇప్పుడు మొదలుపెట్టకపోతే కష్టం మేడం". భయపడ్డవాళ్ల దగ్గర ఇలా గుంజడం పాపం.

చివరికి వరంగల్ ఎంజీఎం సర్కారు ఆసుపత్రికి పోయాను. చర్మవ్యాధుల ఓపీలో డాక్టరమ్మ కొన్ని వెంట్రుకలు పట్టి మెల్లగా లాగింది. ఊడినవాటి మొదట్లో తెల్లటి గింజ చూపించి, "ఈమధ్య గట్టి జ్వరమేమైనా వచ్చిందా?" అనడిగింది. అక్కడే ఏడుపొచ్చింది నాకు. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివి అయ్యాక చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదుగుదల ఆపేసి, రెండు మూడు నెలలకు కలిసి రాలతాయట. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలేనట. ఆడవాళ్లకు పాపిడి వెడల్పవుతూ పోయినా, మా తమ్ముడిలా మగవాళ్లకు నుదుటి మూలలు, నడినెత్తి పల్చబడినా అది వేరే సంగతి, చాలాసార్లు వంశంలో వచ్చేది. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు. నాకు ఇవేవీ లేవు. థైరాయిడ్ బాగానే ఉంది, ఐరన్ తక్కువుందని మాత్రలు రాసింది.

సంక్రాంతికి నుదుటి మీద పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రాజన్న దగ్గరికి పోయి మొక్కు తీర్చాం. ఆ బంధువుతో మాత్రం నేనింకా మాట్లాడటం లేదు.

మీ ఇంట్లో డెంగీ, టైఫాయిడ్ తగ్గినవాళ్లుంటే ఈ సంగతి ముందే చెప్పండి. ఆరు నెలలు దాటినా ఆగకపోతే, గుండ్రంగా జుట్టు ఊడిన చోట్లు కనపడితే, ప్యాకేజీలు అమ్మేవాళ్ల దగ్గరికి కాదు, చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.