ఇందిరమ్మ ఇల్లు: ముగ్గు పోసే ముందే చూసుకోవాల్సిన లెక్క

తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైన వాళ్లకు 5 లక్షలు ఒక్కసారిగా రావు, అడ్వాన్సు కూడా ఉండదు. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, ఆఖరున ఇల్లు పూర్తికావడం, ఇలా నాలుగు విడతలు. ఏ దశ పని అయ్యి, దాని ఫొటో ఈ పథకం యాప్‌లోకి ఎక్కితే ఆ దశ డబ్బు. మొదటి లక్ష పడేది బేస్‌మెంట్ అయ్యాకే. అంటే తవ్వకం, రాయి, సిమెంటు, మేస్త్రీ కూలి మొదట ఇంటివాళ్లే పెట్టుకోవాలి. నిరుపేదలు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. బేస్‌మెంట్‌కు డబ్బు కుదరనిదే ఉన్న గుడిసెను కూల్చకండి. కూల్చాక పని ఆగితే కిరాయి ఒకపక్క, వడ్డీ ఒకపక్క మొదలవుతాయి.

ఇక కొలత. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి, ఆర్‌సీసీ కప్పు తప్పనిసరి. చాలామంది గది లోపలి కొలతతో ముగ్గు పోయిస్తారు. లోపల 24 × 25 అడుగులు అనుకుంటే సరిగ్గా 600. చుట్టూ 9 అంగుళాల గోడ కలిపితే బయటి కొలత 25.5 × 26.5, అంటే దాదాపు 676. పరిమితి దాటితే బిల్లు ఆగుతుంది, కట్టిన గోడను వెనక్కి జరపలేం. అందుకే మేస్త్రీతో బయటి కొలతే మాట్లాడుకోండి. పంచాయతీ కార్యదర్శి చూసిన స్థలంలోనే ముగ్గు పోయించండి, ఆ తర్వాత చోటు మార్చొద్దు.

నన్నడిగితే 400 దగ్గరే ఆగడం మేలు. 5 లక్షలను 400కు పంచితే అడుగుకు 1,250 వస్తుంది, 600కు పంచితే 833 మాత్రమే. ఆ తేడా అంతా అప్పే. ఇంకో గది కావాలంటే స్లాబ్ వేసేటప్పుడే పిల్లర్ల ఊచలు పైకి వదిలిపెట్టించి, ముందు ముందు కట్టుకోవచ్చు. అయితే పునాది ఆ బరువుకు తగ్గట్టు మొదట్లోనే పడాలి.

డబ్బు పడలేదని తిరిగే ఆడవాళ్లలో కొందరికి అది వేరే ఖాతాలో పడి ఉంటుంది. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు ఆధార్‌కు చివరగా లింకైన బ్యాంకుకే వెళుతుంది. ఇల్లు ఇంటి ఆడమనిషి పేరు మీదే మంజూరవుతుంది కాబట్టి, ఆమె ఆధార్ ఏ బ్యాంకుకు లింకై ఉందో, రెండుచోట్లా పేరు ఒకేలా ఉందో పని మొదలయ్యే ముందే బ్యాంకులో అడగాలి.

ఇదంతా సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా లేనివాళ్లది వేరే జాబితా, వాళ్లకు ముందు స్థలం చూపించాలి. ఇంటి అవసరం అందరికంటే ఎక్కువున్నది వాళ్లకే.