పాము మీద జారిన సూత్రం
తొమ్మిదో తరగతి పిల్లల కోసం నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని ఫోన్‌లో ఆడే వైకుంఠపాళి ఒకటి తయారుచేశాను. ఒక్కో వరస 1 మీటరు ఎత్తు. నిచ్చెన ఎక్కితే స్థితిశక్తి పెరుగుతుంది, పాము మింగితే అదంతా గతిశక్తి అయిపోతుంది. 2 కిలోల కాయ 5 వరసలు ఎక్కిందంటే 98 జౌల్స్ జమ.

క్లాసులో పెట్టేముందు మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో గోడ మీద కూర్చుని మా అక్క కూతురి చేతికిచ్చాను. ఒక చేతిలో మురీ మిక్స్చర్ పొట్లం, ఇంకో చేతిలో ఫోను. స్క్రీనంతా నూనె వేళ్లే. రెండు ఆటలయ్యాక తలెత్తింది.

"మావయ్యా, బరువు కాయ స్పీడుగా జారుతోందేంటి? ఘర్షణ లేకపోతే బరువుతో పనిలేదని నువ్వేగా చెప్పావు?"

నా నోట్లో మురీలు అలాగే ఉండిపోయాయి. వేగం అంటే 2 జీ హెచ్‌కి వర్గమూలం (జీ అంటే గురుత్వ త్వరణం, హెచ్ అంటే ఎత్తు), అందులో ద్రవ్యరాశి ఊసే లేదు. నేనేమో కోడ్‌లో దాంతో గుణించి కూర్చున్నాను! ఏటా బోర్డు మీద రాసే సూత్రమే. పాము నాలుక ఆడించడానికి మాత్రం మూడు రాత్రులు పట్టింది నాకు.

ఆ రాత్రే సరిచేసి పంపాను. "బాగుంది. ఇప్పుడు పాముకి ఘర్షణ కూడా పెట్టు" అని మెసేజ్.