పలమనేరు దారిలో రెండు దీపాలు

తిరుమల దర్శనానికి రెండు రోజులు పట్టింది. క్యూ కష్టాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మూడో రోజు పలమనేరు దగ్గర స్నేహితుడి ఊరికి బయలుదేరాను. చిత్తూరులో బస్సు మారి, మొగిలి ఘాట్ దాటి పలమనేరులో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. నాలుగు కిలోమీటర్లకు ఆటో అతను 300 అడిగాడు. ఒళ్లు మండి నడక మొదలుపెట్టాను. నడిచాను కాబట్టే ఆ రాయి కనపడింది.

చెరువు కట్ట కింద, చింతచెట్టు నీడలో వీరగల్లు, అంటే పోరులో చచ్చిన వీరుడి గుర్తు రాయి. అడుగు భాగం మట్టిలో కూరుకుపోయింది. కత్తి ఎత్తిన మనిషి, అతని వెనక ఆవులు, పై వరసలో అతణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. బాణులు, నొళంబులు, వైదుంబులు, చోళులు కొట్టుకున్న నేల ఇది. తగవు రాజులది, దోపిడీ ఊళ్ల మందల మీద. అడ్డం పడి చచ్చినవాడికి రాయి నిలబెట్టేవారు. చాలాచోట్ల అతని ఇంటివాళ్లకు భూమి కూడా ఇచ్చేవారు.

నేను చూస్తుండగానే ఒక అవ్వ వచ్చి రాయికి పసుపు పూసి, రెండు ప్రమిదలు వెలిగించింది.

"రెండెందుకవ్వా?"

"ఒగటి మా ఈరప్పకు. ఇంగోటి ఆవుల్ని తోలుకుపోను వచ్చినోళ్లకు. వాళ్లల్లోనూ చచ్చినోళ్లుంటారు గదా నాయనా. వాళ్లకు రాయి ఎవురు పెడతారు? మా అత్త పెడతా ఉండె, నేనూ పెడతా ఉండా."

చాలాసేపు అక్కడి నుంచి లేవలేకపోయాను.

మాది పల్నాడు. కార్తీక అమావాస్యకు కారంపూడిలో మొదలయ్యే వీరారాధన ఐదు రోజులు సాగుతుంది. అయినవాళ్లే నరుక్కున్న పల్నాటి యుద్ధంలో పోయినవాళ్ల కోసం అది. అందులో మూడో రోజు, మందపోరు నాడు చాపకూడు. కులం అడక్కుండా అందరూ కలిసి తినాలి. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని తిన్న ఆ ముద్దల రుచి ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఆ రెండో దీపం చూస్తుంటే తెనాలి దగ్గరి చుండూరు గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6న అక్కడ అగ్రకులాలవాళ్లు 8 మంది దళితులను చంపారు. చనిపోయినవాళ్లను తోటి దళితులు ఊళ్లోనే పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ సమాధుల ముందు నిలబడిన రోజు, గాయం మానడం గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. ఈ వీరగల్లు దగ్గరైతే ఊరు మొదట తన నష్టాన్ని రాయి మీద చెక్కించుకుంది, పోయినవాడి పిల్లలకు అన్నం చూపింది. ఆ తర్వాతే కదా అవ్వ అత్తగారికి అవతలివాళ్లు గుర్తొచ్చింది. చుండూరు వాళ్లను రెండో దీపం పెట్టమని అడిగే హక్కు ఎవరికుంది?

ఇంతలో స్నేహితుడు బండి మీద వచ్చాడు. ఊరి మొదట్లో మురుగుకాలువ మీద అడ్డంగా పరిచిన బండ చూపించాడు. వంగి కింద చెయ్యి పెట్టి తడిమితే, ఆవు కొమ్ములు వేళ్లకు తగిలాయి. ఇద్దరం పట్టి లేపబోయాం, కదల్లేదు. పొద్దున్నే గడ్డపారలతో నలుగురిని పిలుస్తానన్నాడు. తిరుపతి నుంచి నా రైలు రాత్రికే. టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాను.