తప్పు పాప చేతిలో లేదు

నిన్న సాయంత్రమే తేలింది. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

మా పాప పదో తరగతి. ఇక్కడ తిరుపతిలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, అంటే గాలి తుపాకీతో పది మీటర్ల దూరంలోని అట్టకు గురి చూసి కాల్చే ఆట. పోటీలకు వాడే కొత్త మ్యాచ్ రైఫిల్ అంటే రెండు లక్షల పైమాటే. చెన్నైలో ఒక కుర్రాడు చదువు కోసం ఆట మానేశాడని తెలిసి, అతని పాత జర్మన్ రైఫిల్ కొన్నాం. గొట్టం లోపలి వెడల్పు (బోరు) 0.177 అంగుళం, 20 జౌళ్ల లోపు శక్తి కాబట్టి లైసెన్సు గొడవ లేదు. పుత్తూరు మీదుగా కారులో తెచ్చుకున్నాం.

క్లబ్బు రైఫిల్‌తో పది షాట్లకు వందకు 88, 90 తెచ్చుకునే పిల్ల, దీనితో 80 దాటలేదు. నేర్పే సార్ రైఫిల్ చేతిలోకి కూడా తీసుకోలేదు. పదిమంది పిల్లల ముందు, "రైఫిల్‌కేమప్పా, బంగారంలా ఉంది. మీ పాప చేతిలోనే నిలకడ లేదు" అన్నాడు. పాప తల వంచుకుంది. ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం కూడా తినలేదు. అమ్మిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "అంకుల్, నేను దాంతోనే మెడల్స్ కొట్టాను" అని పెట్టేశాడు. పిల్లను అంత మాట అనే ముందు ఒక్కసారి రైఫిల్ చూడాలి కదా! అది నేను మర్చిపోను.

నేను 26 ఏళ్లుగా ఫిట్టర్‌ని. తేడా మనిషిదా, మెషీనుదా అని తేల్చడమే నా పని. ఆదివారం వరండాలో పది మీటర్లు కొలిచి, గోడకు ఇనుప పెట్టె ఆనించి, రైఫిల్‌ను ఇసుక మూటల మీద పెట్టి నేనే కాల్చాను. ఐదు పెల్లెట్లు (సీసపు గుళ్ళు) రెండు రూపాయల బిళ్ళంత వెడల్పున చెదిరాయి. ఇసుక మూటకు కూడా నిలకడ లేదంటాడా ఆయన?

అలెన్ కీ పెట్టి చూస్తే, బారెల్ (గొట్టం) భాగాన్ని స్టాక్‌కు, అంటే భుజానికి ఆనించే బాడీకి, పట్టి ఉంచే బోల్టులు రెండూ వదులు. గురి చూసే వెనక సైటు స్క్రూ కూడా అంతే. బిగించాక చిల్లుల గుంపు కొంత దగ్గరపడింది. కానీ పది పాయింట్లిచ్చే నడిమి రింగంటే అర మిల్లీమీటరు చుక్క, అది చాలదు. బారెల్లో ఫెల్ట్ (మందపు ఉన్ని గుడ్డ) ముక్కలు తోస్తే నల్లగా సీసం మురికి వచ్చింది. ఆ తర్వాత పెల్లెట్లు. కుర్రాడిచ్చినవి 4.49 మిల్లీమీటర్ల తలవి. 4.50, 4.51 డబ్బాలు తెప్పించి ఒక్కోదానితో ఐదేసి కాల్చాను. 4.50తో ఐదూ కలిసి ఒకే చిల్లు, బఠాణీ గింజంత! 4.51తో మళ్ళీ విచ్చుకున్నాయి.

పాతది కొనేవాళ్ళు, పెల్లెట్‌ను తోసే గాలి నింపే సిలిండర్ మీది గడువు తేదీ ముందు చూడండి. అది దాటితే పోటీల్లో ఒప్పుకోరు. మాదానికి ఎనిమిది నెలలే మిగిలింది, ఆ కుర్రాడు చెప్పనే లేదు.

నిన్న సైటు సరిచేసి పాప చేతికిచ్చాను. మొదటి పది షాట్లకు 93. చిల్లులు పడ్డ గురి కార్డు పట్టుకుని, "నాన్నా, నా చెయ్యి బాగానే ఉంది" అంది. రేపు ఆ కార్డు తీసుకుని సార్ దగ్గరికి వెళ్తున్నాం. పిల్లలంతా ఉన్నప్పుడే చూపిస్తాను.